ఏడు నిమిషాల సేనాపతి

ఓ దృశ్యం ఊహించుకోండి. నలభై ఆరేళ్ల పెద్దమనిషి. ప్రపంచమంతా పేరున్న రచయిత. ఇద్దరు మగపిల్లల తండ్రి. అంతటాయన గచ్చుమీద మోకాళ్లమీద కూర్చుని, తల వంచి, ఓ కన్ను మూసి, అరచేతిలో ఇమిడే ఫిరంగిని అటూ ఇటూ జరుపుతున్నాడు. ఆరడుగుల దూరంలో ఎర్రకోటు సీసపు సైనికుడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనున్నాయన చేతిలో గడియారం. ‘ఇక ఒక్క నిమిషమే!’ అన్నాడతను. అంతే... పెద్దమనిషి ఫిరంగి వదిలేసి గుర్రపు రౌతుల దగ్గరికి పాకాడు. ఆ కంగారులో ఎడమవైపు గుట్ట వెనకాల దాచిన పన్నెండుమందినీ కదపడమే మర్చిపోయాడు!

ఆ పెద్దమనిషి హెచ్‌.జి.వెల్స్‌. ‘టైమ్‌ మెషీన్‌’, ‘వార్‌ ఆఫ్‌ ది వరల్డ్స్‌’ రాసిన వెల్సే. బొమ్మ సైనికులతో ఇంట్లో యుద్ధం ఎలా ఆడుకోవాలో చెబుతూ ఆయన 1913లో ‘లిటిల్‌ వార్స్‌’ అనే పుస్తకం రాశాడు. పన్నెండేళ్ల నుంచి నూటయాభై ఏళ్ల వరకూ ఉన్న అబ్బాయిలందరి కోసమూ, ఇలాంటి ఆటలంటే ఇష్టపడే తెలివైన అమ్మాయిల కోసమూ అని పుస్తకం పేరు కిందే చెప్పుకున్నాడు. ఈరోజు దేశదేశాల్లో బల్లలమీద ఆడుతున్న మినియేచర్‌ వార్‌గేమ్‌లకు ఆ పుస్తకం తాతలాంటిది.

అందులో ఓ చిన్న నియమం ఉంది. ముప్ఫైమంది సైనికుల్ని కదపడానికి ఒక నిమిషం. ఒక్కో ఫిరంగికి ఒక్కో నిమిషం. అంటే 110 మంది సైనికులూ మూడు ఫిరంగులూ ఉన్న సేనాపతికి ఒక వంతులో ఏడు నిమిషాలు చాలన్నమాట. ఆ ఏడు నిమిషాలూ అయిపోతే ఎక్కడివాళ్లు అక్కడే. సైనికులు చచ్చేకొద్దీ ఆ సమయం కూడా తగ్గిపోతుంది.

చూడటానికి ఇది ఆట త్వరగా ముగియడానికి పెట్టిన నియమంలా ఉంటుంది. కానీ వందేళ్లు దాటినా ఈ ఆట ఆడేవాళ్లంతా తేల్చుకోలేక కొట్టుకుంటున్న ప్రశ్న దాని వెనకే ఉంది. బల్లమీద ఎంత సైన్యం ఉండాలి? ఎంతమందిని ఒక మనిషి తల మోయగలదు?

చదరంగానికి తమ్ముడు

మన చదరంగం కూడా ఒకరకంగా వార్‌గేమే. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సేనే చతురంగం. కాకపోతే అక్కడ ఎవరికైనా పదహారు పావులే. పదిహేడోది కొనుక్కొచ్చి పెట్టుకుంటానంటే కుదరదు.

మినియేచర్‌ వార్‌గేమ్‌ అలా కాదు. ఇక్కడ గళ్లుండవు. ఆరడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న బల్ల. దానిమీద అట్టతో చేసిన ఇళ్లు, స్పాంజితో చేసిన చెట్లు, గుడ్డతో చేసిన నది. వేలెడంత బొమ్మలు. ఎవరెంత దూరం నడవొచ్చో టేపుతో కొలుస్తారు. తుపాకీ పేలిందా, తగిలిందా అన్నది పాచికలు తేలుస్తాయి. సైన్యం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే ‘పాయింట్లు’ అనే పద్ధతి వచ్చింది. మామూలు సైనికుడికి తక్కువ పాయింట్లు, ఆరితేరినవాడికి ఎక్కువ, యుద్ధట్యాంకుకు ఇంకా ఎక్కువ. ఇద్దరి మొత్తం సమానంగా ఉండాలి. బ్రిటన్‌లో 1987లో మొదలైన ‘వార్‌హామర్‌ 40,000’లో మామూలు ఆట అంటే ఇప్పుడు 2000 పాయింట్లు. చిన్న ఆట 1000, పెద్దాట 3000.

ఇక్కడే కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్లు పప్పులో కాలేస్తారు. 2000 పాయింట్ల ఆట అంటే 1000 పాయింట్ల ఆటకు రెట్టింపు అనుకుంటారు. రెట్టింపు బొమ్మలు, రెట్టింపు సరదా! తీరా ఆడితే తెలుస్తుంది... అది పెద్దదైన పాత ఆట కాదు, పూర్తిగా వేరే ఆట అని. సైన్యం పెరిగితే బలం లెక్కా, అదృష్టం లెక్కా, బల్ల లెక్కా అన్నీ మారిపోతాయి.

చింతపిక్కల యుద్ధం

మొదట బలం లెక్క చూద్దాం. వెల్స్‌ పుస్తకం వచ్చిన మరుసటేడు, 1914లో, ఫ్రెడరిక్‌ లాంచెస్టర్‌ అనే బ్రిటిష్‌ ఇంజినీరు కొన్ని వ్యాసాలు రాశాడు. కార్లు తయారుచేసిన మనిషి. విమానాలమీద మోజు. రేపటి యుద్ధాల్లో సంఖ్యాబలం ఎలా పనిచేస్తుందని లెక్కలు వేశాడు. అప్పుడు తేలిన సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది.

అయిదుగురూ ముగ్గురూ తుపాకులతో కాల్చుకుంటున్నారనుకుందాం. అందరూ సమాన నైపుణ్యం ఉన్నవాళ్లే. ముగ్గురూ చచ్చేసరికి అయిదుగురిలో ఎంతమంది మిగులుతారు? ఇద్దరు అనిపిస్తుంది. కాదు, నలుగురు! ఎందుకంటే అయిదుగురు కలిసి ముగ్గురిమీద గుళ్లు కురిపిస్తుంటే ముగ్గురు త్వరగా తగ్గిపోతారు. తగ్గేకొద్దీ వాళ్లు తిరిగి కాల్చేదీ తగ్గిపోతుంది. అందుకే బలం మనుషుల సంఖ్యను బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుందన్నాడు లాంచెస్టర్‌. అయిదు అయిదులు ఇరవై అయిదు. మూడు మూళ్లు తొమ్మిది. తేడా పదహారు. అంటే నాలుగు నాళ్లు. బడిలో పైథాగరస్‌ సిద్ధాంతం చదువుకున్న పిల్లలకు ఈ మూడు, నాలుగు, అయిదు పాత స్నేహితులే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఒకవైపు తొమ్మిది చింతపిక్కలు, మరోవైపు ఆరు గవ్వలు, ఒక పాచిక. ప్రతి వంతులో బతికున్న ఒక్కో సైనికుడి తరఫున ఒక్కోసారి పాచిక వెయ్యాలి. ఆరు పడితే ఎదుటివైపు ఒకడు పోయినట్టు. రెండువైపులవాళ్లూ వేశాకే పోయినవాళ్లను తియ్యాలి. నాలుగైదుసార్లు ఆడిచూస్తే చాలు. చింతపిక్కలు గెలవడమే కాదు, తరచూ ఆరేడు మిగులుతాయి కూడా.

మరి చిన్న సైన్యానికి దారే లేదా? ఉంది. అక్కడే ఆట మొదలవుతుంది. ముప్ఫైమంది మీదికి వస్తున్నారు, మన దగ్గర ఇరవైమందే ఉన్నారు. మైదానంలో ఎదురెళితే మన ఇరవైమందీ పోయేసరికి వాళ్లలో ఇరవై ఇద్దరు మిగులుతారు. అదే, వాళ్లు పదిహేనుమంది చొప్పున రెండు గుంపులుగా ఒకరి తర్వాత ఒకరు వచ్చారనుకోండి. మొదటి గుంపును తుడిచిపెట్టి కూడా మనకు పదమూడుమంది ఉంటారు. రెండో గుంపు చేతిలో ఓడిపోయినా వాళ్లకు మిగిలేది ఏడుగురే. ఇక ఇరుకు వంతెనమీద ఒకరితో ఒకరే తలపడాల్సి వస్తే మంద బలం అక్కరకు రాదు. వర్గాల లెక్క మాయమై మామూలు తీసివేత మిగులుతుంది. 1805లో ట్రఫాల్గర్‌ దగ్గర నెల్సన్‌ చేసిందదే. 27 ఓడలతో 33 ఓడల శత్రువును ముక్కలుగా విడదీసి కొట్టాడు. తనది ఒక్క ఓడా పోలేదు. లాంచెస్టర్‌ తన సూత్రానికి ఉదాహరణగా చూపిందీ నెల్సన్‌ పథకాన్నే. బల్లమీద వంతెనలూ గోడలూ చెట్లూ పెట్టేది అందంకోసం కాదు. చిన్న సైన్యానికి ఊపిరి అందించడానికి.

పడక సీను లెక్క

ఈ సూత్రం పట్టుకుని కురుక్షేత్రానికి వెళ్తే మాత్రం తికమక తప్పదు. కౌరవులది పదకొండు అక్షౌహిణులు. పాండవులది ఏడు. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. ఏడేళ్లు నలభైతొమ్మిది. తేడా డెబ్భైరెండు. అంటే పాండవ సేన మొత్తం తుడిచిపెట్టుకుపోయాక కూడా దుర్యోధనుడికి ఎనిమిదిన్నర అక్షౌహిణులు మిగలాలి!

మిగల్లేదు. ఎందుకని? పాండవోద్యోగ విజయాల్లో పడక సీను తెలిసిన ఏ ఊళ్లో ఎవర్ని అడిగినా సమాధానం చెబుతారు. దుర్యోధనుడు సైన్యాన్ని కోరుకున్నాడు. అర్జునుడు ఆయుధం పట్టని ఒక్క మనిషిని కోరుకున్నాడు. అంతేకాదు, పదకొండు అక్షౌహిణులూ ఒక్క మనసుతో కదిలిందెప్పుడు? సర్వసేనాపతి భీష్ముడు పాండవుల్ని చంపనన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ యుద్ధానికి రానని కర్ణుడు శిబిరంలో కూర్చున్నాడు. లెక్కలో ఉన్న సైన్యం వేరు, పనిచేసే సైన్యం వేరు.

వార్‌గేమ్‌ నియమాలు రాసేవాళ్లకు ఈ తేడాను బల్లమీదికి తేవడమే పెద్ద సవాలు. బొమ్మలకు అలకలుండవు కదా. చెయ్యిపెట్టి జరిపితే జరుగుతాయి. దీనికి 1990లో బ్రిటన్‌లో వచ్చిన ‘డీబీఏ’ అనే ఆట చక్కని ఉపాయం చూపించింది. ఫిల్‌ బార్కర్‌ బృందం తయారుచేసిన ఈ ఆటలో ఎంతటి మహాసామ్రాజ్యానికైనా సైన్యం పన్నెండు ముక్కలే. ముక్క అంటే కొన్ని బొమ్మలు అతికించిన చిన్న పీట. రోమన్లు, పర్షియన్లు, ఏనుగులతో సహా ప్రాచీన భారత సైన్యాలు... ఎవరైనా పన్నెండే. బల్ల రెండడుగుల చదరం చాలు. గంటలోపే ఆట పూర్తి.

అసలు కిటుకు ఇంకోటుంది. ప్రతి వంతులోనూ సేనాపతి ఒక పాచిక వేస్తాడు. నాలుగు పడితే నాలుగు కదలికలు. ఒకటి పడితే ఒక్కటే. సైన్యాన్ని ఒకే వరసలో కలిపి ఉంచితే అదంతా ఒక కదలికతోనే ముందుకెళుతుంది. చెల్లాచెదురైతే మాత్రం పన్నెండింటికి పన్నెండు ఆజ్ఞలు కావాలి, పాచికలో ఉన్నది మహా అయితే ఆరు. పన్నెండు ముక్కల సైన్యమే అలా చేతుల్లోంచి జారిపోతుంటే చూడాలి సేనాపతుల మొహాలు! నాలుగు ముక్కలు ముందుగా పోగొట్టుకున్నవాడు ఓడిపోతాడు. చిన్న సైన్యంతో పెద్ద యుద్ధపు తలనొప్పి చూపించడమంటే అదీ.

బల్ల నిండిపోతే...

పెద్ద సైన్యానికి మొదటి శత్రువు ఎదుటివాడు కాదు, బల్ల. లెక్క చాలా సులువు. ఆరడుగుల బల్ల అంటే 72 అంగుళాలు. ఒక్కో బొమ్మ పీట అంగుళం వెడల్పు అనుకుంటే 72 మంది భుజం భుజం ఆనించి నిలబడితే బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి నిండిపోతుంది. ఇద్దరికీ నూటయాభై చొప్పున ఉంటే రెండు వరసలు. ఇక పక్కనుంచి చుట్టుముట్టేదెక్కడ? వెనక్కి తగ్గేదెక్కడ? మోసగించి లాగేదెక్కడ? రెండు గోడలు ఎదురెదురుగా నడిచొచ్చి ఢీకొంటాయి. పాచికలు దొర్లుతాయి. ఎవరి పాచికలు బాగుంటే వారిదే గెలుపు. చేతిలో అన్ని బలగాలూ ఉండి, చేయడానికి మాత్రం ఏమీ ఉండదు.

ఇరవైమందితో అదే బల్లమీద ఆడితే కథ వేరు. బల్లలో ముప్పాతిక భాగం ఖాళీ. ఎటువైపు వెళ్లాలి, ఎవర్ని వదిలెయ్యాలి, బావి దగ్గర ఇద్దర్ని ఉంచాలా వద్దా... ప్రతిదీ నిర్ణయమే.

రెండో శత్రువు ఎదురుచూపు. నీ వంతు, నా వంతు అని ఆడే ఆటల్లో ఒకాయన రెండొందల బొమ్మల్ని కదిపి, కాల్చి, లెక్కపెట్టేదాకా రెండో ఆయన టీ తాగుతూ కూర్చోవాలి. టీ చల్లారినా వంతు రాదు. పైగా అందరూ మొదటి వంతులోనే తుపాకీ దెబ్బకు అందేంత దగ్గర్లో ఉంటారు కాబట్టి, ముందు కాల్చినవాడు సగం పని అప్పుడే ముగించేస్తాడు. వెల్స్‌ గడియారం పెట్టింది అందుకే.

2012లో వచ్చిన ‘బోల్ట్‌ యాక్షన్‌’ అనే రెండో ప్రపంచయుద్ధపు ఆట దీనికి మరో మందు కనిపెట్టింది. ఒక్కో దళానికి ఒక పాచిక చొప్పున ఇద్దరివీ ఒకే సంచిలో వేస్తారు. ఒక్కోటీ తీస్తారు. ఎవరి రంగు వస్తే వాళ్ల దళం ఒకటి కదులుతుంది. ఎవరూ అరగంట ఖాళీగా కూర్చోరు. ఇక్కడా సంఖ్య చేసే మాయ చూడండి. మీకు పన్నెండు చిన్న దళాలు, ఎదుటివారికి ఆరు పెద్ద దళాలు ఉంటే, మొదట మీ రంగే వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. పాయింట్లు ఇద్దరికీ సమానమే. అయినా ఎక్కువ ముక్కలున్నవాడికే చొరవ. నియమం ఒక చోట మూస్తే సంఖ్య ఇంకో సందులోంచి వచ్చి కూర్చుంటుంది.

కొద్దిమందే అయితే...

అలాగని చిన్న సైన్యం అన్నిటికీ మందు కాదు. దానికి అదృష్టం అనే జబ్బు ఉంది. ఆరుగురు కాల్చారు. ఆరు పడితేనే దెబ్బ. ఒక్కటీ తగలకపోయే అవకాశం ఎంత? మూడోవంతు! ఎంత గొప్ప పథకం వేసినా మూడుసార్లలో ఒకసారి గాలికి పోతుంది. అదే అరవైమంది కాలిస్తే ఒక్కటీ తగలకపోవడమన్నది యాభైవేలసార్లలో ఒకసారి జరిగితే గొప్ప. పెద్ద సైన్యంలో అదృష్టం సర్దుకుపోతుంది. పథకం బాగుంటే ఫలితం కనిపిస్తుంది. చిన్న సైన్యంలో ఒక్క పాచిక కొంప ముంచుతుంది... లేదా కాపురం నిలబెడుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. చిన్న ఆటలోకి ఎవరైనా ఒక ట్యాంకు తెచ్చాడనుకోండి. ఎదుటివాడి కొద్ది పాయింట్లలో ట్యాంకును బద్దలుకొట్టే ఆయుధం లేకపోతే ఆట అక్కడితో సరి. పెద్దాటలో అదే ట్యాంకు మొదటి వంతులోనే పదిమంది గురికి దొరికి బూడిదవుతుంది. బొమ్మ అదే, పాయింట్లు అవే. పక్కన ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఒకచోట రాక్షసుడు, మరోచోట ఎలుక. అందుకే ‘ఈ బొమ్మ మంచిదా?’ అని కొత్తవాళ్లు అడిగితే అనుభవజ్ఞులు వెంటనే జవాబు చెప్పరు. ‘ఎన్ని పాయింట్ల ఆట?’ అని ఎదురడుగుతారు.

అయినా చాలామంది తిరిగి తిరిగి చిన్న సైన్యాల దగ్గరికే వస్తుంటారు. కారణం గెలుపోటములు కాదు, పేర్లు. 2015లో వచ్చిన ‘ఫ్రాస్ట్‌గ్రేవ్‌’లో ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, మహా అయితే ఎనిమిదిమంది భటులు. అంతే సైన్యం. ఆటగాళ్లు వాళ్లందరికీ పేర్లు పెట్టుకుంటారు. పోయినవారం గోడమీంచి పడి కాలు విరిగినవాడు ఈవారం కుంటుతూ వస్తాడు. వాడు చచ్చిపోతే నిజంగానే బాధేస్తుంది. 110 మందిలో ఒకడు పోతే పెట్టెలోకి విసిరేస్తారు. పదిమందిలో ఒకడు పోతే రెండు వేళ్లతో మెల్లగా తీసి పక్కన పడుకోబెడతారు. ఏ రూల్సు పుస్తకమూ అలా చెయ్యమని చెప్పదు.

ఈ సంగతి రెండొందల ఏళ్ల కిందటే నలుగురు పిల్లలకు తెలుసు. 1826 జూన్‌లో ఇంగ్లండులోని హావర్త్‌ అనే ఊళ్లో ప్యాట్రిక్‌ బ్రాంటీ అనే చర్చి ఫాదర్‌ తన కొడుకు బ్రాన్‌వెల్‌ కోసం లీడ్స్‌ నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులో పన్నెండు చెక్క సైనికులు. అక్కచెల్లెళ్లు షార్లెట్‌, ఎమిలీ, ఆన్‌ తలా ఒకటి లాక్కున్నారు. షార్లెట్‌ తన బొమ్మకు వెల్లింగ్టన్‌ అని పేరు పెడితే బ్రాన్‌వెల్‌ తనదానికి బోనపార్టీ అని పెట్టాడు. ఆ పన్నెండుమంది చుట్టూ దేశాలు పుట్టాయి, రాజ్యాలు కూలాయి. బుల్లి అక్షరాలతో, అరచేతిలో పట్టే పుస్తకాల్లో వాళ్ల చరిత్రలు రాశారు. ఆ పిల్లలే పెద్దయ్యాక ‘జేన్‌ ఐర్‌’, ‘వుదరింగ్‌ హైట్స్‌’ రాశారు. నాన్న పన్నెండు బదులు పన్నెండొందలు తెచ్చుంటే? వరసలో పేర్చి, కూల్చి, మళ్లీ పేర్చి... అంతటితో సరిపెట్టేవారేమో!

ఇంకో పెట్టె కొనిపెట్టవూ..!

ఈ ఆట ఉన్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇదే. కొత్త పెట్టె వచ్చిన వారానికే ఇంకో పెట్టె కావాలి. పక్కవాడి సైన్యం పెరిగింది మరి. బొమ్మలు ఖరీదైనవి. పైగా చాలావరకు ముక్కలుగా వస్తాయి. అతికించుకోవాలి, సన్న కుంచెతో రంగులు వేసుకోవాలి. కోటుకు ఒక రంగు, బూటుకు ఒకటి, మీసానికి ఇంకోటి. ఒక్కో బొమ్మకు గంట చొప్పున వేసుకున్నా పదిమందికి ఒక వారాంతం చాలు. వెల్స్‌ లెక్క ప్రకారం 110 మందికి 110 గంటలు. రోజుకో గంట కూర్చుంటే దాదాపు నాలుగు నెలలు. అందుకే ఈ ఆట ఆడేవాళ్ల అటకమీద రంగు పడని సైనికులు పెట్టెలకొద్దీ ఉంటారు. సెలవు దొరక్క కాదు, సైన్యం మీద ఆశ ఎక్కువై.

ఇంట్లో పెద్దవాళ్లు పాటించదగ్గ పద్ధతి ఒకటుంది. మొదట పదిమంది. వాళ్లకు రంగులేసి, పేర్లు పెట్టి, పదిసార్లు ఆడాలి. అప్పుడు పదకొండోవాడు ఎందుకు కావాలో పిల్లాడే చెప్పాలి. ‘గోడ దూకేవాడు ఒకడు తక్కువయ్యాడు నాన్నా’ అంటే కొనివ్వొచ్చు. ‘వాళ్ల దగ్గర ఉన్నాయిగా’ అంటే మాత్రం చింతపిక్కలు చేతిలో పెట్టి, నెల్సన్‌ కథ చెప్పడమే మేలు.

ఇరవై రెండువేల మంది!

మరి పెద్ద సైన్యం అంటేనే దండగా? అలా అనడానికీ వీల్లేదు. 2019 జూన్‌లో స్కాట్లండులోని గ్లాస్గోలో వాటర్లూ యుద్ధాన్ని బల్లలమీద మళ్లీ నడిపారు. 1815లో జరిగిన ఆ యుద్ధంలో దాదాపు రెండు లక్షలమంది సైనికులు తలపడ్డారు. గ్లాస్గోలో పెట్టిన బొమ్మలు 22 వేలకు పైగా. అన్నీ రంగులు వేసినవే. ఆడింది వందమందికి పైగా. ఆట సాగింది రెండు రోజులు. యుద్ధాల్లో దెబ్బతిన్న మాజీ సైనికులకు వాటర్లూ తవ్వకాల్లో చోటిచ్చే ఓ స్వచ్ఛంద సంస్థకు అండగా ఈ ఆట పెట్టారు.

ఆ బల్లల ముందు నిలబడితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పదిమందితో ఆడే ఆట ఎన్నేళ్లు ఆడినా ఆ అనుభూతి రాదు. పొలాల నిండా మనుషులంటే ఏమిటో, ఓ ఊరి పక్కన రెండు సైన్యాలు దిగడమంటే ఏమిటో కళ్లకు కడుతుంది. పెద్ద సైన్యం ఇచ్చేది ఆట కాదు, దర్శనం.

అయితే ఓ లెక్క గమనించండి. 22 వేల బొమ్మల్ని వందమందికి పంచితే తలకు ఎన్ని? సుమారు రెండొందలు. వెల్స్‌ చెప్పిన 110కి సుమారు రెట్టింపే. బల్ల ఎంత పెద్దదైనా, ఆట ఎంత ఘనమైనా, ఒక మనిషి తల మోసే బరువు మాత్రం పెద్దగా మారలేదు. అందుకే నిజం సైన్యాల్లోనూ గుంపుమీద గుంపు, నాయకుడి మీద నాయకుడు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్‌ తన తోటి అధికారులకోసం చేసిన ‘క్రీగ్‌స్పీల్‌’ అనే ఆటలో అయితే అసలు మనిషి బొమ్మే ఉండదు. పటం మీద చిన్న చిన్న దిమ్మలు. ఒక్క దిమ్మ అంటే కొన్ని వందలమంది. చూసిన ప్రధాన సేనాని ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని మెచ్చుకున్నాడట. నిజమే. మనుషులు దిమ్మలైపోయాక అది ఆటలా ఉండదు.

తల చిన్నది

మళ్లీ వెల్స్‌ దగ్గరికే వద్దాం. ‘లిటిల్‌ వార్స్‌’ చివర్లో ఆయన ఆట నియమాలు పక్కనపెట్టి అసలు మాట చెబుతాడు. ఈ చిన్న యుద్ధాన్ని మూడు నాలుగుసార్లు ఆడినవాడికెవడికైనా పెద్ద యుద్ధం ఎంత తెలివితక్కువదో అర్థమవుతుందంటాడు. అక్కడ మనుషుల సంఖ్యా, వాళ్ల బాధా బుద్ధికి అందనంత పెద్దవి. దాన్ని నడిపే తలలేమో మరీ చిన్నవి. 110 బొమ్మల్ని ఏడు నిమిషాల్లో కదపలేక పన్నెండుమందిని గుట్ట వెనకే మర్చిపోయే మనిషి, లక్షలమందిని ఎలా నడుపుతాడు? యుద్ధం చెయ్యాలని ఉబలాటపడే రాజుల్నీ సేనాపతుల్నీ ఓ పెద్ద గదిలో కూర్చోబెట్టి, బొమ్మలిచ్చి, ఆడుకోమంటే సరిపోతుందన్నది ఆయన కోరిక.

పుస్తకం వచ్చిన ఏడాదికే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్‌ నది దగ్గర బ్రిటిష్‌ సైన్యం కందకాల్లోంచి బయటికొచ్చి వరసలుగా ముందుకు నడిచింది. ఆ ఒక్క రోజులో చనిపోయిన బ్రిటిష్‌ సైనికులు 19,240 మంది. గాయపడినవాళ్లతో కలిపితే 57 వేల పైచిలుకు.

వెల్స్‌ లెక్కలో నిమిషానికి ముప్ఫైమంది. ఆ చనిపోయిన 19,240 మందీ సీసపు బొమ్మలే అయ్యుంటే, వాళ్లను గచ్చుమీంచి తీసి పెట్టెలో వెయ్యడానికే ఒక మనిషికి పదిన్నర గంటలు దాటుతుంది. పొద్దున్నే మొదలుపెడితే పొద్దుపోయేదాకా. ఒక్కొక్కరి చేతిలో క్షణం... రెండు క్షణాలు. మొహం కూడా సరిగ్గా చూడ్డానికి చాలదు.

అందుకేనేమో... బల్లమీద పదిమంది సైన్యంతో ఆడే పిల్లాడు ఒకడు పడిపోతే ‘అయ్యో, రాముడు పోయాడు’ అంటాడు. ‘ఒకటి తగ్గింది’ అనడు. సైన్యం ఎంతుండాలన్న ప్రశ్నకు అంతకంటే మంచి కొలత ఇంకోటి దొరకదు. పోయినవాడి పేరు గుర్తున్నంతవరకే అది ఆట.